గన్నేరు వారి ఇంటిపేరు

గన్నేరు కుటుంబానికి చెడ్డపేరు ఇంటిపేరుతోనే వచ్చింది. అపోసైనేసీ అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ కుటుంబంలో పొదలు, చెట్లు, తీగలు కలిపి సుమారు 5 వేల జాతులున్నాయి. ఎక్కువ భాగం ఉష్ణమండలానివి. ఇంత సంతానమున్నా, గన్నేరు అనగానే జనానికి తోచేది విషమొక్కటే.

వీటిని గుర్తుపట్టడం తేలిక. ఆకు తుంచితే చాలామటుకు పాలు కారతాయి. మొగ్గలో ఐదు రేకులూ మెలిపడి ఉంటాయి. విచ్చుకున్నాకా ఆ మెలిక పూర్తిగా పోదు. నందివర్ధనమైనా దేవగన్నేరైనా పిల్లల గాలిమరలా ఒకే వైపు తిరగబోతున్నట్టు కనిపిస్తుంది. ఒకప్పుడు వేరు కాపురంగా లెక్కించిన జిల్లేడు వర్గాన్ని కూడా ఇప్పుడు ఇందులోనే కలిపేశారు.

గన్నేరు నిలువెల్లా విషమన్నది నిజమే. అది గుండె లయను దెబ్బతీస్తుంది. పశువులు నోరు పెట్టకుండా కాపాడేదీ ఆ విషమే. ఎండకూ పొగకూ తట్టుకుని, మేకల బెడద లేకుండా, రహదారుల డివైడర్ల మీద గులాబీరంగు పూలు పూస్తున్నది ఆ బలంతోనే. మడగాస్కర్ నుంచి వచ్చిన బిళ్ళగన్నేరు దాచుకున్న చేదులోంచే పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ వచ్చింది. సర్పగంధి వేరు రక్తపోటును తగ్గిస్తుందని 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రాసిన వ్యాసంతో లోకానికి తెలిసింది. మేలు జరిగితే పేరు మందుబిళ్ళకు పోతుంది, కీడు జరిగితే చెట్టుకు మిగులుతుంది.

జిల్లేడుకూ అదే గతి. ఇంట్లో జిల్లేళ్ళు మొలవాలని శపించే నోళ్ళే రథసప్తమినాడు ఆ ఆకులను నెత్తిన పెట్టుకుని స్నానం చేస్తాయి. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో బొమ్మలు చెక్కేది ఈ కుటుంబపు అంకుడు కర్రతోనే. కానీ జనం వాటిని లక్కబొమ్మలంటారు. ఒళ్ళంతా కర్రది, పేరు పైపూతది.

అన్నిటికంటే అన్యాయం వాక్కాయకు జరిగింది. ముళ్ళపొదకు వానాకాలంలో కాసే ఈ తెలుపు, గులాబీ కలిసిన కాయ పప్పులో పడితే చింతపండుతో పని లేదు. పులిహోరకూ, పచ్చడికీ దీని పులుపే వేరు. సగానికి చీల్చి గింజలు తీయడం ఓపికతో కూడిన పని కాబట్టి, వండినవారికి రుచి ఇంకాస్త ఎక్కువ తెలుస్తుంది. ఇంతటి కాయను గింజ తీసి, పాకంలో ఊరబెట్టి, ఎర్రరంగు వేసి బేకరీవాళ్ళు కేకు మీద చెర్రీ అని కూర్చోబెడతారు. తినేవారూ చెర్రీ అనుకునే మురుస్తారు. వంటింట్లో మాత్రం దాని పుట్టుక దాగదు. పచ్చి వాక్కాయ తరుగుతుంటే కత్తిపీటకు తెల్లటి జిగట పాలు అంటుకుంటాయి. చెర్రీకి పాలు కారవు.