వ్రాతకు వెల



"పత్రికకు వ్రాయుచుంటివి, నలుగురిలో గౌరవముగా నుంటివి. దానిని విడిచి ఈ దుకాణమేమిటమ్మా?" అని మమ్ము అడుగని చుట్టము లేదు. పెనుగొలను వంటి పల్లెలో మాటలమ్ముకొని బ్రతుకుటయా యని నవ్వినవారును కలరు. ఒక్కొక్కరికి వేరువేరుగా చెప్పుటకంటె ఇచ్చట ఒకమారు వ్రాయుట మేలని తోచినది.

మాది తిరువూరు ప్రాంతమున గంపలగూడెము మండలము. 2022 ఏప్రిల్ వరకు కృష్ణాజిల్లాలో ఉంటిమి. పిమ్మట ఎన్టీఆర్ జిల్లావారమైతిమి. జిల్లా పేరు మారినను పత్తి ధర, మిరప తెగులు, మామిడి పూత, ఇవియే మా వార్తలు. ఒక దినపత్రికకు మేము గ్రామ విలేఖరిగా ఉంటిమి. విలేఖరియనగా నెలజీతగాడని పలువురి యూహ. పల్లెలనుండి వ్రాయువారిలో పెక్కుమందికి జీతము లేదు. "లైన్ అకౌంట్" అని యొకటి కలదు. అచ్చయిన వార్తను కొలిచి, ఆ కొలతకు తగిన పైకమిత్తురు. మూడు గంటలు ఎండలో తిరిగి తెచ్చిన వార్త రెండంగుళములకు కుదిరినచో, మా యెండకును రెండంగుళముల వెలయే. పండుగలు వచ్చినచో ప్రకటనలు తేవలెను. వానికి కమీషను కలదు. వార్తకంటె ప్రకటనకే మా చేతికి ఎక్కువ సొమ్ము వచ్చుచుండుట చూచి మాకొక సంగతి బోధపడినది. మా వ్రాతకు వెల లేకపోలేదు. ఆ వెలను నిర్ణయించువారము మాత్రము మేము కాము.

ఇట్లు తలచినవారిలో మేము మొదటివారము కామని పాత పత్రికల చరిత్ర చదివినపుడు తెలిసినది. 1902లో సత్తిరాజు సీతారామయ్యగారు "హిందూసుందరి"ని ప్రారంభించి, సంపాదకత్వమును మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయి గారలకు అప్పగించిరి. కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబగారు "సావిత్రి"ని తామే నడిపిరి. గాయనీమణులు అనసూయ, సీతల తల్లియైన వింజమూరి వెంకటరత్నమ్మగారు "అనసూయ" పత్రికను నడిపిరి. ఈ విదుషీమణుల కవిత్వమును, వాదములను మనవారు కొంత స్మరింతురు. కాని చందా బాకీలు వసూలు చేయుట, ముద్రాశాలకు బాకీ తీర్చుట, కాగితము కొనుట, ఈ పనులను ఎవరు స్మరింతురు? మాకు వారియెడ గౌరవము హెచ్చినది ఆ లెక్కలను తలచుకొనినపుడే. మన కాలమున శ్రద్ధాశర్మగారు పాట్నానుండి వచ్చి, పత్రికలోను టెలివిజనులోను పనిచేసి, 2008లో "యువర్‌స్టోరీ" అను సంస్థను స్థాపించిరి. ఆమెది మహానగరపు వ్యాపారము, మాది పంచపాళీలోని బల్ల. అయినను దారి యొక్కటియే.

మూడేండ్ల క్రిందట ఒక పాత కంప్యూటరుతో, వీధిలోని ఇద్దరు చదువుకొన్న కోడండ్రతో పని మొదలిడితిమి. దీనిని ఇప్పుడందరును "కంటెంట్" అందురు. పచ్చడి సీసాపై చీటీ, పాఠశాలకు కరపత్రము, మామిడి వర్తకునికి ఇంగ్లీషు ఉత్తరము, సెల్‌ఫోనులో చూచు వీడియోకు మాటలు, ఇవియే మా సరుకు. మొదట మాకు కష్టమైనది వ్రాయుట కాదు, వెల చెప్పుట. "నాలుగు ముక్కలేగదమ్మా, దీనికి డబ్బేమిటి?" అని యొక పెద్దమనిషి నవ్వెను. కుట్టుకూలి అడిగిన ఆడుదానిని చూచి ఎవరును నవ్వరు. వ్రాతకు కూలి అడిగినపుడు మాత్రము అది ఆశగా కనబడును. అప్పటినుండి సగము సొమ్ము ముందుగా చేతబడిన గాని కలము ముట్టరాదని నియమము చేసికొంటిమి.

వ్రాయు సోదరీమణులు తెలిసికొనదగిన సంగతి యొకటి ఇచ్చటనే చెప్పెదము. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, జీతగాండ్రు కాక బయటనుండి వ్రాసి ఇచ్చువారి రచనపై మొదటి హక్కు సామాన్యముగా వ్రాసినవారిదే. ఆ హక్కును ఇతరులకిచ్చుట కాగితముపై సంతకముతో జరుగవలెను. ఎంతకాలమో అందు వ్రాయనిచో అయిదేండ్లకే చెల్లును. "సంతకము చేయుము తల్లీ, ఏమియు లేదు" అనువారు తెచ్చు కాగితమునే మొదట చదువుడు.

ఇక మమ్ము నిద్రపోనీయని సంగతి. నిరుడు ఒక మందుల వ్యాపారి వచ్చి, మధుమేహము పూర్తిగా కుదిరినదని ఒక ఇల్లాలు తానే వ్రాసికొన్నట్లు ఆరు కథనములు కావలెననెను. ఇచ్చెదనన్న సొమ్ము మాకు మూడు నెలల రాబడి. మధుమేహము నయము చేయుదుమను ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించినది. వార్త వేషమున ప్రకటనలు వచ్చుటపై 2010లో ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘము విచారణ చేసి నివేదిక ఇచ్చినది. దానిని వ్రాసిన ఇరువురిలో మన కె. శ్రీనివాసరెడ్డిగారొకరు. ఇవన్నియు మాకు తెలియును. కాని చట్టముకంటె ముందు మా కన్నులయెదుట నిలిచినది, ఆ కథ నమ్మి మాత్రలు మానివేయబోవు ఎవతెయో యొక తల్లి. కాదని పంపివేసితిమి.

అతడు గడప దాటగానే మాతో పనిచేయు కోడలు అన్నది: "అక్కా, నీకు పేరు మిగులును. నాకేమి మిగులును? శుక్రవారము మా పిల్ల ఫీజు కట్టవలెను." ఆమె భర్తకు ఆ యేడు పత్తిలో పెట్టుబడియు రాలేదు. మేము ఆ నెల మా వంతు తీసికొనక ఆమెకిచ్చితిమి. ఆమె తీసికొన్నది, కాని నవ్వలేదు. ధర్మము చెప్పుట తిండికి లోటు లేనివారికి సుకరమన్నది ఆమె మౌనము. అది అబద్ధమని చెప్పుటకు మాకు నోరు రాలేదు. అయినను, మరల అతడే వచ్చినను మా మాట అదియే. ఇప్పుడు బేరములన్నియు ఆమెయే చూచుచున్నది. మాకంటె గట్టిది, నూరు రూపాయలు తగ్గింపుమనిన వానిచేత నూటయేబది ఎక్కువ ఒప్పించి పంపును.

ఈ వారము ఒక మహిళా సంఘమువారి ఆవకాయకు చీటీ వ్రాయుచున్నాము. "అమ్మమ్మ చేతి రుచి" అని వేయుమని వారి కోరిక. ఏ అమ్మమ్మ యని అడిగితిమి. ఆ పచ్చడి పెట్టునది ఇరువది యెనిమిదేండ్ల పడుచు. నేర్పినది ఆమె అత్తగారు. కారము, ఆవపిండి కొలతలన్నియు ఆ పెద్దావిడవే. అట్లయిన "అత్తగారి చేతి రుచి" అనియే వ్రాయుదమంటిమి. చీటీ ఎల్లుండి అచ్చునకు పోవలెను, కోడలింకను ఒప్పుకొనలేదు.