కిట్టమూ, మసీ

మా ఇంట 1988 నాటి బజాజ్ చేతక్ స్కూటరొకటి నేటికీ ఉన్నది. దానికోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసినవారిలో నేనూ ఒకణ్ణి కనుక అమ్మడానికి మనసొప్పలేదు. పెట్రోలులో నూనె కలిపి పోయవలసిన బండి అది. ఆ నూనె పూర్తిగా కాలక, సిలిండరు హెడ్డు లోపలి గిన్నెలో బొగ్గుపొరగా పేరుకొని రాయిలా బిగుస్తుంది. పొర మందమయ్యేకొద్దీ బండి వేడెక్కుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు లోపల టకటకమని కొట్టుకుంటుంది.

2020 వేసవిలో లాక్‌డౌన్ నడుస్తుండగా సరిగ్గా అదే జరిగింది. మెకానిక్కు షాపులన్నీ మూత. మా ఆవిడ రక్తపోటు మాత్రలకు నాలుగు మైళ్లు పోవాలి. తీరికగా ఉన్న భాషాపండితుడి చేతికి పానా చిక్కింది. నాలుగు నట్లు విప్పి హెడ్డు ఊడదీశాను. అంతవరకూ బాగానే ఉంది.

ఆ నల్లపొరను చూడగానే నాకు ‘కిట్టము’ అనే మాట స్ఫురించింది. ఇనుపకిట్టమంటాము కదా, లోహానికి పట్టే మలినం. పేరు తట్టగానే వైద్యమూ తెలిసిపోయిందనుకున్నాను. లోహానికి పట్టిన రోగానికి ఘాటైన మందే కావాలి! మొదట చింతపండు రసంలో నానవేశాను. హెడ్డు పైభాగం కాస్త తెల్లబడింది గాని లోపలి నలుపు చెక్కుచెదరలేదు. అప్పుడు తూములో పోయడానికి తెచ్చిన కాస్టిక్ సోడా పొట్లం కనబడింది. ప్లాస్టిక్ బకెట్టులో గోరువెచ్చని నీళ్లు పోసి, గుప్పెడు గుల్లలు కలిపి, హెడ్డును అందులో ముంచాను.

క్షణాల్లో బకెట్టు బుసబుసలాడింది. తెల్లని ఆవిరి లేచి ముక్కు మండింది. నీళ్లు వాటంతట అవే కాగిపోతున్నాయి. నా పాండిత్యం ఫలించిందనే భ్రమతో నేను ఇంకాస్త వంగి చూస్తున్నాను. ఆరడుగుల దూరంలో మా ఆవిడ స్నానాల నీళ్లకు కట్టెలపొయ్యి వెలిగించబోతున్నది. ఏ పుణ్యమో, ఆ వాసనకు దగ్గు వచ్చి అగ్గిపెట్టె కింద పడేసి, “ఏమండీ, ముందు ఇవతలికి రండి!” అని నా చొక్కా పట్టుకుని లాగింది.

మా బడిలో రసాయనశాస్త్రం చెప్పిన మిత్రుడికి ఫోను చేశాను. ఆయన నవ్వలేదు. “పండితులుగారూ, అల్యూమినియం మీద కంటికి కనబడని ఆక్సైడు పొర ఉంటుంది. దానికదే కవచం. క్షారం ముందు ఆ కవచాన్ని కరిగిస్తుంది, తరువాత లోహాన్నే తింటుంది. అలా పొంగేది హైడ్రోజను. దగ్గర్లో నిప్పు లేదు కదా?” అన్నారు. పొయ్యి సంగతి ఆయనకు చెప్పలేదు.

మా ఆవిడ మాత్రం, “సత్తుగిన్నెలో బట్టలసోడా వేసి కాస్తే నల్లబడుతుందని నాకే తెలుసే!” అన్నది. ముప్పై అయిదేళ్లు పాఠాలు చెప్పినవాడికి ఆ మాటకు జవాబు దొరకలేదు.

హెడ్డు కడిగి చూస్తే బొగ్గు చాలావరకు ఊడిన మాట నిజమే. అది కరగలేదు, దాని కింది నేల కరిగిపోయి పెళ్లలుగా రాలింది. సిలిండరు మీద ఆనే అంచు గుంటలు పడింది. ప్లగ్గు బిగించే మరలు అరిగి, ప్లగ్గు ఊరికే తిరగసాగింది.

షాపులు తెరిచాక మా పాత శిష్యుడొకడు, ఇప్పుడు మెకానిక్కు, పాతసామాను కొట్లోనుంచి ఇంకో హెడ్డు తెచ్చాడు. దానికీ అంతే నలుపు. “ఇది ఇనుముకు పట్టిన తుప్పు కాదు మాష్టారూ. నూనె మసి, పైన కూర్చుంది, అంతే” అన్నాడు. ‘కిట్టము’ కాదు, ‘మసి’. తెలుగు పండితుడికి మాట దిద్దిన శిష్యుడు!

వాడి పని చూడవలసిందే. ముందు పాత ప్లగ్గొకటి బిగించాడు, మరల్లోకి మసి దిగకుండా. రెండు రోజులు డీజిలులో నానబెట్టాడు. మెత్తబడ్డ పొరను వెదురుబద్దతో ఓపికగా గీకాడు. గిన్నె లోపల మాత్రమే ఇత్తడి బ్రష్షు వాడాడు, అంచు జోలికి దాన్ని పోనివ్వలేదు. గరుకు కాగితం ఇస్తానంటే వద్దన్నాడు. ఆ ఇసుకరేణువు ఒక్కటి ఇంజనులో మిగిలినా సిలిండరు గీసుకుపోతుందట. చివర వేన్నీళ్లూ సబ్బూ.

అంతా అయ్యాక గిన్నె మధ్యలో బొట్టుబిళ్లంత నల్లమచ్చ మిగిలింది. నేను వెదురుబద్ద అందుకోబోయాను.

“వదిలెయ్యండి మాష్టారూ, మచ్చ ఇంజనుకేమీ చెయ్యదు” అన్నాడు.

నాలుగో కిక్కుకు బండి అందుకుంది. కాస్టిక్ సోడా పొట్లం మా ఆవిడ ఎక్కడ దాచిందో నాకు నేటికీ తెలియదు.