జెండా పాట ధర అందరికీ రాదు

మనవరాలి టెన్త్ ఫలితాల కోసం ఫోన్ తీస్తారు. ఫలితాల కన్నా ముందు పర్సనల్ లోన్ కనబడుతుంది, దాని కింద మోకాళ్ల నొప్పుల నూనె. దాన్ని తీసేద్దామని మూలనున్న ఇంటూ గుర్తు నొక్కబోతే వేలు జారి నూనె మీదే పడుతుంది. విసుక్కుని వెనక్కి వస్తారు. పొరపాటున నొక్కారని గూగుల్ పసిగట్టలేదో, ఆ జారిన వేలికి నూనె కంపెనీ డబ్బు కట్టినట్టే! అందులో గూగుల్ తన వాటా ఉంచుకుని, 2024 దాకా మిగిలింది పేజీ పెట్టినవాడి ఖాతాలో వేసేది.

వెబ్‌లో ప్రకటనలు 1994లోనే వచ్చాయి. అప్పట్లో పత్రికల పద్ధతే, చోటుకు అద్దె. నొక్కితేనే డబ్బు అనే బేరాన్ని 1998లో గోటూ.కామ్ పెట్టిన బిల్ గ్రాస్ నడిపించాడు. 2003లో ఎవరి పేజీకైనా ప్రకటనలు అందించే గూగుల్ ఆడ్‌సెన్స్ మొదలయ్యాక అది హన్మకొండ నయీంనగర్ అద్దె గదుల్లో ఉండి పేజీలు నడిపే పిల్లల దాకా వచ్చింది.

మరి నొక్కుడుకు ధర ఎవరు కడతారంటారా? పాటలో తేలుతుంది. పత్తి సీజన్లో పొద్దున్నే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి చూడండి. మంచి సరుకు దగ్గర ఖరీదుదార్లు గుమిగూడి పాడతారు. పైన తేలిన ధరే ఆరోజు జెండా పాట. పక్క రైతు బస్తాల దగ్గరికొచ్చేసరికి తేమ ఉందంటారు, రంగు తగ్గిందంటారు, ధర దిగుతుంది. రైతులు లొల్లి పెడతారు, కాంటాలు ఆగుతాయి. వెబ్ పేజీలోనూ ఇదే తంతు, కాకపోతే మీరు రెప్ప వేసేలోపు అయిపోతుంది. అక్కడ అమ్ముడుపోయే సరుకు రాత కాదు, మీ చూపు. ఇంటి లోన్ కోసం వెతుకుతున్న డల్లాస్ తెలుగాయన వస్తే పాట లేస్తుంది. పరకాలలో కూర్చుని సినిమా కబుర్లు చదివే పిల్లాడొస్తే పాడేవాళ్లే తక్కువ. ఒక్క క్లిక్కుకు ఇన్ని డాలర్లని యూట్యూబ్‌లో ఊరించేవాళ్లు చెప్పేది జెండా పాట ధరే! లొల్లి పెడదామంటే ఇక్కడ మార్కెట్ కార్యదర్శి కూడా లేడు.

తెలుగు రాతలకైతే గేటు తెరవడానికే ఆలస్యమైంది. ఆడ్‌సెన్స్ హిందీని 2014లో చేర్చుకుంది, తెలుగుకు 2018 ఏప్రిల్‌లో గానీ వంతు రాలేదు. గేటు తెరిచారు సరే, తెలుగు చదివేవాడి కోసం పాడే కంపెనీలు రావద్దూ?

కొందరు తెలివిగా దోస్తులకు చాయ్ తాగించి తమ పేజీలోని ప్రకటనలే నొక్కించుకుంటారు. గూగుల్ పట్టిందంటే ఖాతా మూతే. నిజాయితీగా సంపాదించినా 10 డాలర్లు దాటాక చిరునామా సరిచూడటానికి పిన్ నంబరు ఉత్తరంలో వస్తుంది. ఇంత కంప్యూటర్ వ్యవహారమూ చివరికి పోస్ట్‌మ్యాన్ చేతిలో! బ్యాంకులో డబ్బు పడాలంటే 100 డాలర్లు కావాలి. నేనెరిగిన పిల్లల్లో ఎక్కువమంది ఆ పదికీ వందకూ మధ్యే ఆగిపోయారు.

2024 నుంచి ఆడ్‌సెన్స్ లెక్క మార్చింది. పేజీ వాడికి నొక్కుడుకు కాక, ప్రకటన కనబడినందుకే చెల్లిస్తోంది. ఇక మీ వేలు జారకపోయినా ఫర్వాలేదు, మీరు కిందికి జరుపుతూ ఉంటే చాలు. మేడారం జాతర బస్సుల పేజీ తెరవండి. ముందు సమ్మక్క సారలమ్మల చరిత్ర, మధ్యలో సిమెంటు, తర్వాత బంగారమంటూ బెల్లం ఎందుకు సమర్పిస్తారో, ఆపైన మళ్లీ మన మోకాళ్ల నూనె. బస్సు ఎక్కడ ఎక్కాలో అట్టడుగున ఎక్కడో ఉంటుంది. అక్కడిదాకా జరిపే ఓపికుంటే సరే, లేదా హన్మకొండ బస్టాండుకు నడిచెళ్లి కండక్టర్‌ని అడగండి.