విమానాశ్రయం పాఠం ఇక చాలు

మా అక్క కూతురు అనంతపురంలో డిగ్రీ చదువుతూ స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులో చేరింది. మొన్న వీడియో కాల్‌లో "మామా, నువ్వు ఎయిర్‌పోర్టులో టికెట్లు చూసే ఆయన, నేను ప్యాసింజర్‌ని. ప్రశ్నలడుగు" అంది. సామాను బరువెంత, కిటికీ పక్క సీటు కావాలా, కాఫీనా టీనా అని అడిగాను. తడుముకోకుండా జవాబులు చెప్పింది. ఆ తర్వాత, ఊర్లో వానలెట్లున్నాయో అదే ఇంగ్లీషులో చెప్పమన్నాను. ఒక్క వాక్యం రాలేదు. "అది మా పుస్తకంలో లేదు మామా" అంది.

తప్పు పిల్లది కాదు. నా కోపమంతా ఆ పుస్తకం మీద. నేను చదువుకున్నప్పుడూ అదే విమానాశ్రయం, అదే హోటల్ గది, అదే మర్యాదైన గుమాస్తా. అనంతపురం నుంచి బెంగళూరుకు పోయే బస్సుల్లో కట్టడం పనులకు, వాచ్‌మన్ ఉద్యోగాలకు వలస పోయేవాళ్లు ఎంతమందో మనకు తెలుసు. ఆ బస్సు మీద పాఠం ఒక్కటీ లేదు. తల్లిదండ్రులు వలస పోతే అవ్వ దగ్గర మిగిలిపోయే పిల్లల మీదా లేదు. విమానం మాత్రం తప్పకుండా ఉంటుంది.

మన పిల్లలకు మాట్లాడే సంగతులు కరువా? పడమటి కనుమలు నైరుతి వానను అడ్డుకుంటాయి, ఈశాన్య వాన తీరం దాటి మనదాకా వచ్చేసరికి అలిసిపోతుంది. అనంతపురంలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ వేళకు పడదు. పదును చూసి చెనిక్కాయ విత్తుతారు, ఊడలు దిగే వేళకు మబ్బు మొహం చాటేస్తుంది. వాతావరణ బీమాలో చేను ఎండినా లెక్కకు రాదు, వర్షమాపకం చూపిన అంకెదే మాట. ఇది అన్యాయమని ఇంటర్ పిల్లలు తెలుగులో గంటసేపు వాదించగలరు. కానీ బీమా కంపెనీ పెద్దలు, ఢిల్లీ నుంచి వచ్చే కరువు బృందాలు వినేది ఇంగ్లీషులో. మన చేను సంగతి వాళ్లకు ఎప్పుడూ ఎవరో ఒకరు మన తరఫున చెప్పాల్సిందేనా?

నేనుండే అమెరికాలోని మిన్నెసోటాలో, మా ఊరి లైబ్రరీలో వలస వచ్చినవాళ్లకు ఇంగ్లీషు సంభాషణ తరగతి జరుగుతుంది. నేనూ వెళ్లి సాయం చేస్తుంటాను. సోమాలియా నుంచి వచ్చిన ఒక తల్లి, చలికాలంలో ఇంటి యజమాని హీటర్ బాగు చేయించడం లేదని క్రియాపదాలు తారుమారు చేస్తూనే చెప్పింది. ఎవరూ నవ్వలేదు. టీచరు తప్పులు దిద్దలేదు. ముందు మాట పూర్తి కానిచ్చి, ఆ ఫిర్యాదునే ఆనాటి పాఠం చేసింది. ఎవరికి రాయాలో, ఎలా అడగాలో అందరూ కలిసి రాశారు. ఆ టీచరు మీద నాకు గౌరవం పెరిగింది.

అయితే ఇది అమెరికా కనిపెట్టిన విద్య అంటే ఒప్పుకోను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. సారాకు బలైన ఒక ఇల్లాలి బతుకు అది. రాత్రిబడిలో ఆ పాఠం చదివిన ఆడవాళ్లు అది తమ కథేనన్నారు. అదే జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమె తోటివాళ్లు సారా దుకాణం మీదికి నడిచారు. 1993 అక్టోబరు 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతా సారా నిషేధం వచ్చింది. అంతకు చాలా ముందే, 1963లో విద్యావేత్త పాలో ఫ్రెయిరే బ్రెజిల్‌లోని అంగికోస్‌లో కూలీలకు వాళ్ల బతుకు మాటలతోనే అక్షరాలు నేర్పాడు. అదీ కరువు సీమే. సొంత గోడు పాఠమైతే చదువు ఎంత దూరం పోతుందో మన ఆడవాళ్లు ఆనాడే చూపించారు.

లైబ్రరీ పద్ధతిని మక్కీకి మక్కీగా అనంతపురం తెస్తే కుదరదని కూడా తెలుసు. ఆ లైబ్రరీలో అందరూ ఒకరికొకరు కొత్త. మన క్లాసులో పక్క బెంచీ మీద ఊరి పెద్ద కొడుకు ఉంటాడు. నీళ్ల ట్యాంకు దగ్గర ఎవరి బిందె వెనక్కి నెడతారో, తోటి ఆడపిల్లకు పద్దెనిమిది నిండకుండానే పెళ్లి ఎందుకు చేశారో వాడి ముందు చెప్పాలంటే గుండె కావాలి. అందుకే వానతో, బోరుతో, వలస బస్సుతో మొదలుపెట్టాలి. నమ్మకం కుదిరాక మిగతావి వాటంతటవే వస్తాయి. ఇంగ్లీషుతో ఇంకో లాభమూ ఉంది. తెలుగులో నోరు తెరవగానే ఊరూ కులమూ పట్టేసేవాళ్లుంటారు. ఇంగ్లీషులో అందరూ కలిసే తడబడతారు. ఆ సమానత్వం చిన్నదేం కాదు.

మా నాయన బోరు కోసం అప్పుకు పోయినప్పుడు కాగితాలన్నీ ఇంగ్లీషులో ఇచ్చారు. తోడుగా నేనున్నాను, ఇంగ్లీషులో క్లాసుకు ఫస్టు. "ఏమి రాసినార్రా ఇందులో?" అన్నాడు. హోటల్లో గది అడగడం నాకు వచ్చు, తనఖా షరతు చదవడం రాదు. నాయన సంతకం పెట్టేశాడు. బోరులో దుమ్ము లేచింది. వడ్డీ మాత్రం ఆగలేదు. విమానాశ్రయం పాఠం మీద ఇన్నేళ్లయినా నా కోపం తగ్గకపోవడానికి కారణం అదే.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం అన్నారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది. తెలుగా ఇంగ్లీషా అని ఊరూవాడా వాదించుకున్నాం. ఆ ఇంగ్లీషులో పిల్లలు ఏం మాట్లాడాలని అడిగినవాళ్లు అరుదు. మన దగ్గర పునాది లేకపోలేదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురానికి వచ్చి మొదలుపెట్టిన ఆర్‌డీటీ స్వచ్ఛంద సంస్థ పల్లె యువతకు ఇంగ్లీషు, స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పింది. మన పిల్లలకు భాషలు వస్తాయనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కోర్సులు నడిపే మాస్టార్లను, మేడమ్‌లను చేతులు జోడించి అడుగుతున్నా. విమానం ఎక్కే రోజు వస్తే ఆ నాలుగు మాటలు పిల్లలు అక్కడే నేర్చుకుంటారు. నేనూ అట్లే నేర్చుకున్నా. మీ క్లాసులో ముందు ఒక పంట బీమా కాగితం చదివించండి. ఊరి నీళ్ల గురించి కలెక్టరుకు ఇంగ్లీషులో అర్జీ రాయించండి, రాసిన పిల్లలనే లేచి నిలబడి వాదించమనండి. తప్పులు తర్వాత దిద్దండి.