ఎర్రజెండా దగ్గర కాసేపు

మనాలి నుంచి లేహ్‌కు వెళ్లే రోడ్డు ఏడాదిలో కొన్ని నెలలే తెరిచి ఉంటుంది. చలి తగ్గాక మంచు తొలగిస్తారు, మళ్లీ చలికాలం రాగానే మూసేస్తారు. మనవాళ్లు సెలవులు కూడబెట్టుకుని, బుల్లెట్లు రైలెక్కించి మరీ వెళ్లేది ఆ నెలల్లోనే. రోడ్డు పనులు జరిగేదీ అప్పుడే. అందుకే వెళ్లొచ్చినవాళ్ల కబుర్లలో బారాలాచా లా కనుమ అందం వెనకాలే ఒక ఫిర్యాదు వినిపిస్తుంది: “అంతా బాగుంది గానీ, పనులంటూ ఎర్రజెండా చూపి రెండు గంటలు ఆపేశారండీ. జనం వచ్చే టైములోనే చెయ్యాలా?” చెయ్యాలి. అప్పుడే చెయ్యాలి. మన ప్రయాణానికి పని అడ్డమొచ్చిందని అనుకుంటాం గానీ, ఉన్న కొద్ది నెలల పనికి అడ్డం వెళ్లేది మనమే.

ఎందుకంటే తారుకు చలి పడదు. కంకర కలిపిన తారును నూట ముప్ఫై డిగ్రీలకు తగ్గని వేడిలో పరిచి, చల్లారేలోపు రోలర్ తిప్పాలి. గాలిలో వేడి పది డిగ్రీలకన్నా తగ్గితే ఆ పని ఆపేయాలని జాతీయ రహదారుల నిబంధనలే చెబుతాయి. ఈ దారిలోని టాంగ్లాంగ్ లా కనుమ ఎత్తు 5,328 మీటర్లు. జులైలో కూడా రాత్రయితే అక్కడ నీళ్లు గడ్డకట్టే చలి. పని సాగేది పగలు, ఎండ కాసిన ఆ కొద్ది గంటలే. పైగా రోడ్డు పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. రాత్రి ఉబ్బడం, పగలు కరగడం, మళ్లీ ఉబ్బడం. కమీషన్లేవీ తినకుండా నిజాయితీగా వేసిన రోడ్డు కూడా ఈ దెబ్బకు లేచిపోతుంది. వానలకు ముందు పూరింటి కప్పు సరిచేసుకున్నట్టు దీన్ని ఏటా చూసుకోవాల్సిందే. ఒకసారి గట్టిగా వేసి వదిలేయొచ్చనేది మైదానంలో పుట్టిన ఆలోచన.

రాత్రిపూట చేసుకోవచ్చు కదా అంటారు కొందరు. చలి సంగతి అటుంచినా, పైనుంచి రాయి దొర్లుతుంటే చీకట్లో కనిపించదు. కింద పనిచేసేవాడికి పరిగెత్తే వ్యవధి ఉండదు. సొరంగాలు తవ్వొచ్చు కదా అన్నది ఇంకో మాట. తవ్వుతున్నారు. 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం 2020 అక్టోబరులో తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కకుండానే లాహౌల్ లోయ చేరుతున్నారు, 46 కిలోమీటర్లు కలిసొచ్చింది. శ్రీనగర్ వైపు జోజి లా కింద సుమారు 13 కిలోమీటర్ల సొరంగం పని మన హైదరాబాదు కంపెనీ చేతిలోనే ఉంది. చలికాలంలో ఆసుపత్రికి చేరాల్సిన లాహౌల్ మనిషికి అటల్ సొరంగం ప్రాణాధారం. కానీ కొండను చూడాలని వచ్చినవాడికి సొరంగంలో కనిపించేది సిమెంటు గోడ. చూడాలంటే పాత కనుమ ఎక్కాలి, కనుమ మీద మళ్లీ ఎర్రజెండా.

అసలు ఆలోచించాల్సింది మూడో కోరిక గురించి. రోడ్డును నాలుగు వరసలు చేసేస్తే ఎక్కడా ఆగక్కర్లేదంటారు. కొండ మీద వెడల్పు ఊరికే రాదు, వాలు పాదాన్ని కోస్తేనే వస్తుంది. పాదం కోసిన వాలు నిటారుగా నిలబడుతుంది, వాన పడగానే జారుతుంది. కాల్కా-సిమ్లా దారిలో పర్వానూ నుంచి సోలన్ దాకా అలా వెడల్పు చేశారు. 2023 వానల్లో అక్కడ చరియలు విరిగిపడి, చక్కీమోడ్ దగ్గర రోడ్డే తెగిపోయి, రోజుల తరబడి బండి కదల్లేదు. వాన అసాధారణమే, కాదనను. కానీ పడింది కోసిన కొండ మీద. రెండు గంటల ఆలస్యం భరించలేక రోజుల ఆలస్యం కొనుక్కోవడం ఏం లెక్క?

అయితే ఓపిక పట్టమని అందరికీ ఒకేలా చెప్పలేం. రోజుకో ట్రిప్పు మీద బతికే టాక్సీవాలాకు, అంబులెన్సులో ఉన్న రోగికి ఆగడం వేరు. బ్లాస్టింగ్ వేళలు ముందురోజే చెప్పడం, అంబులెన్సు వస్తే యంత్రాన్ని పక్కకు తీయడం అధికారుల బాధ్యత. దాన్ని గట్టిగా అడగాలి.

మిగిలిన ఆలస్యంలో సగం మన చేతి చలవే. ఎర్రజెండా దగ్గర పది బండ్లు వరసగా ఆగుతాయి. పదకొండోవాడు కుడిపక్కగా ముందుకు దూరతాడు, వాడి వెనక ఇంకో నలుగురు. అటు పచ్చజెండా ఊపగానే ఎదుటి లారీలు దిగుతాయి, ఇటు రెండు వరసలు, మధ్యలో రోడ్డు ఒక బండి పట్టేంత. పావుగంటలో తేలాల్సింది గంటన్నర. రాళ్లు సర్దుతున్న కూలీలు పార పక్కన పెట్టి, బండ్లను వెనక్కి నడిపించే పనిలో పడతారు. ముఖానికి గుడ్డ చుట్టుకుని, తారు పీపా కింద మంట ఎగదోసే ఆ మనుషుల్లో చాలామంది ఝార్ఖండ్‌లోని దుమ్కా వైపు నుంచో నేపాల్ నుంచో వచ్చినవాళ్లు. కనుమ మీద అందేది మన తీరంలో దొరికే ఆక్సిజన్‌లో సగానికి కాస్త ఎక్కువ. దిగి ఫొటో తీసుకుంటేనే మనకు తల దిమ్మెక్కుతుంది. వాళ్లు ఆ గాలిలోనే సీజనంతా పార పట్టాలి.

అందుకని వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. ఆపినచోట వరసలోనే ఉండండి, ఇంజిన్ ఆపేయండి. ఆ దారిలో పెట్రోల్ బంకులు బాగా దూరం. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. పలచటి గాలిలో లోడు లారీ వాలు మీద ఆగితే మళ్లీ కదలడం కష్టం. వాగులు పొద్దున్నే దాటండి, మధ్యాహ్నానికి మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి. లేహ్ నుంచి తిరుగు విమానం టికెట్ మాత్రం, మీరు వేసుకున్న లెక్కకు ఒక రోజు కలిపి తీసుకోండి.