సంఘీభావమూ, కళాకారుడి బాధ్యతా

నవంబరు 29వ తేదీకి పాలస్తీనా ప్రజల చరిత్రలో రెండు అర్థాలున్నాయి. 1947లో ఆ రోజున ఐక్యరాజ్యసమితి వారి దేశాన్ని రెండు ముక్కలు చేసే తీర్మానాన్ని 33 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకించిన 13 దేశాలలో భారతదేశం ఒకటి. ముప్ఫయి ఏళ్ళ తరవాత, 1977లో, అదే సమితి అదే తేదీని పాలస్తీనా ప్రజలతో సంఘీభావ దినంగా ప్రకటించింది. గాయం చేసిన తేదీనే పరామర్శకు ఎంచుకోవడంలోని వ్యంగ్యాన్ని అలా వుంచుదాం. ఆ రోజున దేశదేశాల్లో చిత్రకారులూ, గాయకులూ, నటులూ, కుట్టుపని చేసే స్త్రీలూ ఒకచోట చేరి కళాదినం జరుపుతున్నారు. 2025లో మా విద్యార్థులు కూడా జరిపారు. దానివల్ల ఎవరికి ఏం ప్రయోజనం కలిగిందన్న ప్రశ్న నన్ను వదలలేదు. ఆ ప్రశ్నను దాటవెయ్యకుండా విచారించాలనే ఈ వ్యాసం.

మా అధ్యాపకుల గదిలో వచ్చిన అభ్యంతరాలు మూడు. ఎక్కడో వున్న పాలస్తీనా మనకెందుకన్నది మొదటిది. బాంబుల ముందు పాట ఏం చేస్తుందన్నది రెండోది. అక్టోబరులో కాల్పుల విరమణ జరిగిపోయింది కదా, ఇంకా ఈ హడావిడి ఎందుకన్నది మూడోది. ఇవి కేవలం పిరికితనం కొద్దీ పుట్టినవని నేననుకోను. జవాబు చెప్పవలసినవే.

మొదటిదానికి జవాబు మన చరిత్రలోనే వుంది. 1943లో బెంగాలు కరువుకు తల్లడిల్లుతున్నప్పుడు ఆ కథను మన పల్లెలకు చేర్చిన వాటిలో షేక్ నాజర్ బుర్రకథ ఒకటి. విన్న రైతుల్లో ఎందరు బెంగాలును చూసి వుంటారు? ఆకలి ఏమిటో మటుకు వారికి తెలుసు. అభ్యుదయ రచయితల ఉద్యమం పాలస్తీనాను దూరదేశంగా ఎన్నడూ చూడలేదు. 1958లో తాష్కెంటులో సమావేశమైన ఆసియా–ఆఫ్రికా రచయితల ఉద్యమం నుంచి ‘లోటస్’ పత్రిక వచ్చింది. ఆ పేరుతో ఇచ్చిన బహుమతి 1969లో మహమూద్ దర్వీష్‌కు లభించింది. మన ఫైజ్ అహ్మద్ ఫైజ్ బీరూటులో కూర్చుని ఆ పత్రికకు సంపాదకత్వం వహించాడు.

రెండో అభ్యంతరానికి మనవాళ్ళు సాధారణంగా చెప్పే జవాబొకటి వుంది: కళకు బలం లేకపోతే పాలకులు దానికెందుకు భయపడతారని. ఆధారాలకు కొదవ లేదు. 1967 ఆగస్టులో ఇజ్రాయెల్ సైన్యం జారీ చేసిన 101వ నంబరు ఉత్తర్వు, అనుమతి లేకుండా పదిమంది రాజకీయ విషయంపై గుమికూడటాన్నీ, జెండా ఎగరెయ్యడాన్నీ నిషేధించింది. 1980లో రామల్లాలో ‘గ్యాలరీ 79’ను సైన్యం మూసివేసింది. ‘ప్రతిఘటన సాహిత్యం’ అన్న మాటను విమర్శలో స్థిరపరచిన ఘసాన్ కనఫానీ 1972 జులై 8న బీరూటులో కారుబాంబుకు బలి అయ్యాడు. వ్యంగ్యచిత్రకారుడు నాజీ అల్ అలీని 1987 జులైలో లండను వీధిలో కాల్చారు, ఆగస్టులో కన్నుమూశాడు. గాజాలో సయీద్ అల్ మిషాల్ సాంస్కృతిక కేంద్రాన్ని 2018 ఆగస్టు 9న వైమానిక దాడిలో నేలమట్టం చేశారు.

అయితే ఈ జవాబు నాకు పూర్తిగా తృప్తి నివ్వదు. బాంబులు పడ్డది నాటకశాలల మీదే కాదు, రొట్టెల బట్టీల మీదా, ఆసుపత్రుల మీదా కూడా పడ్డాయి. 2025 జులై చివరినాటికి గాజా ఆరోగ్యశాఖ లెక్క ప్రకారం మృతుల సంఖ్య 60,000 దాటింది. అంచేత దెబ్బ తగిలినంత మాత్రాన కళ గొప్ప ఆయుధమని రుజువైనట్టు కాదు. ఇంతకంటే వాస్తవమైన జవాబు కావాలి.

అది నాకు ఒక కుట్టుపనిలో దొరికింది. పాలస్తీనా స్త్రీల ‘తత్రీజ్’ను 2021లో యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వం జాబితాలో చేర్చింది. 1948కి ముందు ఆ దేశంలో గౌను మీది కుట్టును చూసి ఆ మనిషి ఏ ప్రాంతానిదో పోల్చుకునేవారు. 1948లో ఏడు లక్షలమందికి పైగా నిర్వాసితులయ్యారు. నాలుగు వందలకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. గ్రామం పోయింది గాని గ్రామపు కుట్టు శిబిరాలకు నడిచివెళ్ళింది. 1987లో ప్రజల తిరుగుబాటు మొదలయ్యాక, చేత పట్టనివ్వని జెండాను స్త్రీలు గౌనుల మీద కుట్టుకున్నారు. ‘మనుషులు లేని నేల’ అన్న అబద్ధం మీద కట్టిన రాజ్యానికి ఆ సూదీదారం ఒక గ్రామ రికార్డులాగా ఎదురు నిలబడింది. కళ ఇక్కడ ఆయుధం కాదు, సాక్ష్యం. సాక్ష్యం బాంబును ఆపలేదు. కాని బాంబు వేసినవాడు చెప్పే కథను నిలవనివ్వదు.

మా కళాదినంలో ఈ కుట్టుల ఫోటోలు గోడకు అంటించాం. తండానుంచి వచ్చే ఒక విద్యార్థిని వాటిని చాలాసేపు చూసి, “ఇది గీత గీసి కుట్టింది కాదు సార్, పోగులు లెక్కపెట్టి కుట్టింది. మా నానమ్మ గూడ ఇట్లనే లెక్క పెడుతది” అన్నది. ఆ రోజంతా కూర్చుని ఒక చేతిరుమాలు మీద సరుగుచెట్టు వంటి వాళ్ళ సైప్రస్ చెట్టును కుట్టింది. ఒక్క చెట్టుకే సాయంత్రమైంది. ఒక్కొక్క గౌనులో ఎన్ని రోజుల శ్రమ దాగివుందో మా పిల్లలకు ఏ ఉపన్యాసమూ అంత బాగా చెప్పలేదు.

ఇక వస్తువు విషయం. పోస్టర్ల కోసం కొందరు యువకులు చనిపోయిన పసిపిల్లల ఫోటోలు పెద్దవి చేయించుకువచ్చారు. వాటిని పెట్టాలా వద్దా అని గట్టి చర్చ జరిగింది. నేను వద్దన్నాను. కరుణరసం మీద సాహిత్య విద్యార్థులకు గౌరవం వుండవలసిందే. కాని చూసినవాడు కంటతడి పెట్టి, ఆ తడితోనే తన బాధ్యత తీరిందనుకుని ఇంటికి పోయే కరుణ ఒకటుంది. అందులో పాలస్తీనీయుడు ఎప్పుడూ శవమే. రైతు కాడు, పంతులు కాడు, కవి కాడు. 2023 డిసెంబరు 6న గాజాలో ప్రాణం కోల్పోయిన రిఫాత్ అలరీర్ తరగతిలో సాహిత్యం చెప్పుకునే మనిషి. ఆయన మరణాన్ని మాత్రమే చూపించి, ఆయన పాఠాన్ని చూపించకపోతే మనం చేసింది సగం పనే. నాజీ అల్ అలీ 1969లో సృష్టించిన హందాలా పదేళ్ళ కాందిశీకుడు. కాళ్ళకు చెప్పుల్లేవు. చేతులు వెనక్కి కట్టుకుని మనకు వీపు చూపిస్తాడు. మన కన్నీళ్ళు అతనికి అక్కర్లేదు. అతను చూస్తున్నదేమిటో మనమూ చూడాలి. చివరకు పిల్లలు హందాలానే గోడమీద గీశారు.

కాలేజీ హాలు ఇవ్వలేదు. ఒక కార్మికసంఘం కార్యాలయం వాకిట్లో బుర్రకథ చెప్పారు. కథకుడు 1948 వలస చెప్పాడు. రాజకీయ వంత ఐక్యరాజ్యసమితి ఓట్లు చెప్పాడు. హాస్య వంత తనిఖీ కేంద్రాల దగ్గర పాసుల బాధ చెప్పి నవ్వించాడు. కథ ముగిశాక మార్కెట్ యార్డు హమాలీ ఒకాయన లేచి, “సారూ, పట్టా చేతులున్నంక భూమి ఎట్ల పోయింది?” అని అడిగాడు.

ఆ వాకిట్లో అంతసేపూ అంత మంచి మాట ఎవరూ అనలేదు. జవాబు నేను చెప్పాను. 1950లో ఇజ్రాయెల్ ‘గైరుహాజరీల ఆస్తి’ చట్టం చేసింది. యుద్ధానికి జడిసి ఇల్లు విడిచినవాడు ‘గైరుహాజరీ’ అయ్యాడు. అతని పొలం, ఇల్లు, ఆలివు తోట ప్రభుత్వ సంరక్షకుడి పరమయ్యాయి. దేశం సరిహద్దులు దాటకుండా పక్క ఊళ్ళో తలదాచుకున్నవాళ్ళు కూడా, పౌరులుగా అక్కడే వుంటూ, తమ ఆస్తికి మాత్రం గైరుహాజరైపోయారు. హమాలీ విని, “అంటే తరిమినోడే హాజరు పట్టీ రాసిండన్నట్టు” అన్నాడు. తెలంగాణా రైతుకు భూమి లెక్కలో తర్జుమా అక్కర్లేదు. మూడో అభ్యంతరానికి కూడా జవాబు ఇందులోనే వుంది. తుపాకి ఆగినంత మాత్రాన పట్టా తిరిగిరాదు.

సంఘీభావ కళ చేయగలిగిన పని నాకు ఇక్కడ స్పష్టమైంది. దూరపు ప్రజల దుఃఖాన్ని మన ముంగిట ప్రదర్శించడంతో దాని పని పూర్తి కాదు. వారికి జరిగిన దాని యంత్రాంగాన్ని, చట్టంతో సహా, మన ప్రజల అనుభవం గుర్తుపట్టేలా విప్పి చెప్పాలి. అది జరిగినప్పుడు ప్రేక్షకుడు ప్రశ్న వేస్తాడు. ప్రశ్న వేసినవాడు ఆ తరవాత వార్తను మరొక విధంగా వింటాడు.

1978 మార్చిలో బీరూటులో పాలస్తీనా కోసం ఒక అంతర్జాతీయ చిత్రకళా ప్రదర్శన జరిగింది. దక్షిణ లెబనాను మీద ఇజ్రాయెల్ దండెత్తిన వారానికే దాన్ని ప్రారంభించారు. ముప్ఫయి దేశాల దాకా కళాకారులు సుమారు రెండు వందల కృతులు పంపారు, ఎప్పటికైనా స్వతంత్ర పాలస్తీనాలో నెలకొనే మ్యూజియం కోసమని. 1982 దాడిలో వాటిని భద్రపరచిన భవనం కూలి అనేకం నశించాయి. మ్యూజియం లేదు, చిత్రాలు లేవు. అయినా అచ్చయిన కేటలాగు మిగిలింది. దాన్ని పట్టుకుని పరిశోధకులు దశాబ్దాల తరవాత ఆ కళాకారుల్ని వెతుక్కుంటూ వెళ్ళి ఆ చరిత్రను తిరిగి నిలబెట్టారు. రాసిపెట్టడం, అచ్చువెయ్యడం, మళ్ళీ మళ్ళీ చెప్పడం మన వంటి పంతుళ్ళకూ, విద్యార్థులకూ చేతనయిన పనులు. వీటిని చిన్నచూపు చూడడానికి వీల్లేదు.

మా దళం బుర్రకథను తిరగరాస్తున్నది. 1950 చట్టం రాజకీయ వంత నోట వస్తుంది. ఆ హమాలీ ప్రశ్నను హాస్య వంతకు ఇచ్చారు. ఈసారి రెండు పల్లెల్లో చెప్పాలని నిర్ణయం.