రాతికన్యలకు దొరకిన నీడ

ప్రాచీననగరములను జూడబోవువారు శిల్పమును మెచ్చుకొందురు, కట్టించిన రాజును స్మరింతురు, రాయి మోసినవానిని మఱతురు. చదువుకొన్నవారికి ఈ మఱపు మఱింత సులభము. కాళిదాసును జదివినను హోమరును జదివినను మన మనస్సున నిలుచువారు రాజులును వీరులును గాని కూలివారు గారు. ఈ మఱపునకు ఎండను మించిన మందు లేదు. 2023 జూలై నెలలో గ్రీసుదేశపు రాజధాని యగు ఏథెన్సు నగరమున మాకును, మాతో వచ్చిన మిత్రులిరువురకును ఆ మందు కావలసినంత దొరకెను.

ఆ దినములలో అచ్చటి వేడిమి 40 డిగ్రీలకు సమీపించుచుండెను. ఉదయమున మేము అక్రోపోలిస్ కొండక్రింద 2009లో దెఱవబడిన మ్యూజియమునకు బోయితిమి. అందు ఐదుగురు రాతికన్యలు నిలిచియున్నారు. కొండమీది ఎరెక్తియోన్ దేవాలయమున ఒక మంటపపు కప్పును స్తంభములకు బదులుగా దలలపై మోయుటకై క్రీస్తుపూర్వము 5వ శతాబ్దమున ఆఱుగురు కన్యలను జెక్కిరి. వారిలో నొకతెను 19వ శతాబ్దారంభమున ఎల్గిన్ ప్రభువు పెకలించి గొనిపోయెను. ఆమె నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియమున నున్నది. నగరపు పొగకు రాయి క్షీణించుచున్నదని తక్కినవారిని 1979లో దింపి, కొండమీద వారికి నకళ్లు నిలిపిరి. వెనుకకు బోయి చూచిన వారి జడల యల్లిక యద్భుతము. మెడ సన్నమైనచో బరువునకు విఱుగును గనుక, శిల్పి జడలను దట్టముగా జెక్కి మెడకు బలమిచ్చెను. ఆ చల్లని శాలలో నిప్పుడు వారి తలలపై నే బరువును లేదు.

మధ్యాహ్నము మేము కొండద్వారము చేరునప్పటికి అది మూయబడి యుండెను. వేడిమి మిక్కుటమైన దినములలో నడిమధ్యాహ్నము మొదలు సాయంకాలము వఱకు ఎవ్వరిని బైకి బోనీయరాదని ప్రభుత్వమువారు నిర్ణయించిరట. రెడ్‌క్రాసువారు వచ్చినవారికి నీళ్లసీసాలు పంచుచుండిరి. తలకు 20 యూరోలిచ్చి టిక్కెట్లు కొన్న మా వకీలు మిత్రునకు గోపము వచ్చెను.

"రెంటచింతల యెండలో బుట్టి పెరిగినవాడను. నాకీ యెండ యొక లెక్కయా? నాకొఱకు ద్వారము మూయనేల?" అని యాయన కావలివాని నడిగెను.

కావలివాడు టోపీ తీసి, మణికట్లమీద నీళ్లు పోసికొనుచు, "మీకొఱకు మాత్రమే గాదయ్యా. మీరు గంటసేపుండి పోవుదురు, దినమంతయు నిలుచువారము మేము" అని వచ్చీరాని యింగ్లీషులో బదులు చెప్పెను. ఆ జూలైలోనే యచ్చటి యుద్యోగులు, ఎండవేళ పనిచేయజాలమని, దినమునకు గొన్ని గంటలు పని నిలిపివేసిరి.

మేము ఒక చెట్టునీడను జేరితిమి. మా లెక్కల మాస్టారు కొంతసేపూరకుండి, "వకీలుగారూ, రెంటచింతలలో మీరు మే నెల మధ్యాహ్నము వాకిట నిలిచెడివారా?" అనిరి.

"ఎందుకు నిలుతుము? తలుపులు మూసి పండుకొనెడివారము."

"మఱి మీ మేడకు పైకప్పు వేసినవారో?"

వకీలుగారు బదులు చెప్పలేదు. సీసాలోని నీళ్లు త్రాగిరి.

అప్పుడు మేము మాకు దెలిసిన యొక సంగతి చెప్పితిమి. ఎరెక్తియోన్ కట్టుబడి లెక్కలను నాటివారు రాతిపలకలపై జెక్కించిరి. వాని తునుకలు నేటికిని నిలిచియున్నవి. పౌరులు, పరదేశీయులు, బానిసలు ఒకేచోట ఒకే పని చేసినట్లును, సామాన్యముగా దినమునకొక డ్రాక్మా కూలి యని యున్నట్లును వానివలన దెలియుచున్నది. కూలి సమానమే, బ్రతుకు సమానము గాదు. బానిస కూలి యెవ్వరి సంచిలో బడెడిదో యూహించుట కష్టము గాదు. ప్రజాప్రభుత్వమునకు బుట్టినిల్లని మేము బడిలో బోధించు నగరమున బానిసలకు గాని స్త్రీలకు గాని వోటు లేకుండెను.

సాయంకాలము ద్వారము తెఱచిరి. పైకెక్కి మంటపమును జూచితిమి. నకలు కన్యలు పడమటియెండలో కప్పు మోయుచుండిరి. వారిని జూడగా మాకు మన యూళ్లలో తలపై తట్ట నెత్తుకొని, రెండవ యంతస్తునకు సిమెంటు మోయు స్త్రీలు జ్ఞప్తికి వచ్చిరి. వారి మెడలకు బలమిచ్చుటకు ఏ శిల్పియు దట్టమైన జడలు చెక్కలేదు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. అందు వృద్ధులును, ఎండలో బనిచేసిన కూలివారును అనేకులు. రాయి క్షీణించునని తెలిసినంతనే రాతికన్యలకు నీడ దొరకెను. శరీరము క్షీణించునని మనకు దెలియక కాదు. రాయి పోయిన మఱల రాదని యెంచితిమి. కూలిమనిషి పోయిన మఱియొకరు వత్తురని యెంచుచున్నాము.

ఇందు మా వృత్తికి సంబంధించిన మాట యొకటి కలదు. ఎండ బాలురకు దగులునని బడులకు వేసవిసెలవు లిత్తుము. బడి ఖాళీగా నుండును గనుక, ఆ సెలవులలోనే గోడలు లేపుదుము. ఎండకు వెఱచి మనము విడిచిన స్థలమునకే, ఆ యెండవేళకే, వారిని బిలుతుము. పిల్లలతో బాటు వచ్చిన తల్లులును అందుందురు. ఆ పిల్లలు బడి గోడనీడలో నుందురు గాని బడిలో నుండరు.

స్వదేశము చేరిన పిదప మేము మా బడి కమిటీవారిని మూడు కోరితిమి: వేసవిలో మధ్యాహ్నము 12 మొదలు 4 వఱకు పని నిలుపవలెను, ఆ గంటలకు గూలి కోయరాదు, తాటియాకుల పందిరియు, త్రాగునీరును ఏర్పఱుపవలెను. "పని ఆలస్యమగును గదా, మాస్టారూ?" అని యొక సభ్యుడడిగెను. పార్థెనాన్ దేవాలయమునకు క్రీస్తుపూర్వము 447 మొదలు 432 వఱకు, పదునైదేండ్లు పట్టెననియు, ఆలస్యమైనదని దానినెవ్వరును నేటివఱకు నిందింపలేదనియు మేము చెప్పితిమి. అందఱును నవ్విరి. పందిరికిని నీటికిని ఒప్పుకొనిరి. కూలి మాట యింకను దేలలేదు. తేలువఱకు మేమడుగుచునే యుందుము.